మార్కెలోస్ రాయికి యాభై

అర్గిరో గ్లాసులో పాలరాయి బుసబుసా పొంగుతోంది. వెనిగర్ పోసి ఐదు నిమిషాలైంది. దాన్నుంచి వచ్చే గాలి సన్నటి గొట్టంలోంచి వెళ్లి, నీళ్లలో బోర్లించిన కొలజాడీలో చేరుతోంది. పక్కనే మార్కెలోస్ గ్లాసులో మాత్రం బుడగలు బద్ధకంగా లేస్తున్నాయి.

ఇద్దరి రాళ్లూ ఒకే బరువు. ఎవరింటి రాయి వాళ్లే తెచ్చుకున్నారు. తీనోస్ దీవిలోని ఆ ఊళ్లో రాయికి కొదవేముంది, సగం మంది పాలరాయి చెక్కేవాళ్లే. ఐదు నిమిషాల్లో ఎంత గాలి వచ్చిందో చూసి, దాన్ని ఐదుతో భాగిస్తే చర్య వేగం, అంటే రాయి ఎంత త్వరగా కరుగుతోందో తెలుస్తుంది. ఎవరి జాడీ వాళ్లు చదువుకోకూడదు, పక్కవాళ్లది చదవాలి. అది ఎవ్‌దోకియా టీచర్ పెట్టిన పద్ధతి.

మార్కెలోస్ వంగి అర్గిరో జాడీ చూశాడు. నలభై మిల్లీలీటర్లు అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"మీ నాన్న రాయి చక్కెర బిళ్లలా ఉందే. చర్చి ద్వారబంధానికి ఇది పెడితే రెండు వానలకి గుమ్మం మాయం."

క్లాసంతా నవ్వింది. అర్గిరోకి ఒళ్లు మండిపోయింది. చర్చికి కొత్త ద్వారబంధం ఎవరు చెక్కాలో ఆదివారం తేలుస్తారు. పోటీలో ఉన్నది ఇద్దరే, అర్గిరో వాళ్ల నాన్న, మార్కెలోస్ వాళ్ల బాబాయి. ఈ మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.

ఇప్పుడు మార్కెలోస్ జాడీ చదవడం ఆమె వంతు. నీళ్లు పది గీత దగ్గర ఉన్నాయి.

"యాభై," అంది.

టీచర్ బోర్డు మీద మార్కెలోస్ పేరు పక్కన యాభై వేసింది. మార్కెలోస్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అర్గిరోకి కళ్లు లేవా అని అరిచాడు. టీచర్ వచ్చి వంగి చూసింది. లేచి నిలబడేసరికి ఆమె ముఖం ఎర్రబడింది.

"ఆ యాభై నేను చెరపను. వేయించింది నువ్వు, చెరపాల్సిందీ నువ్వే. అప్పటిదాకా వెనక బల్ల దగ్గర కూర్చో."

అర్గిరో చెరపలేదు. తన గ్లాసు తీసుకుని వెనక్కి వెళ్లి, పళ్లు నూరుతూ కూర్చుంది. ముందు నవ్వింది వాళ్లు కదా? వాళ్లనెవరూ ఏమీ అనరేం?

గడ్డం బల్లకి ఆనించేసరికి గ్లాసు కళ్లకి ఎదురుగా వచ్చింది. అడుగున సన్నసన్నటి రాతి పలుకులు. ప్రతి పలుకు చుట్టూ బుడగలు. తల తిప్పి చూస్తే మార్కెలోస్ గ్లాసులో ఒకటే పెద్ద ముక్క. బుడగలు దాని పైన మాత్రమే ఉన్నాయి. లోపలి రాయిని వెనిగర్ ఇంకా తాకనే లేదు.

పొద్దున బడికి ఆలస్యమవుతోందని, నాన్న ఉలి కింద రాలిన పలుకులు గుప్పెడు పట్టుకొచ్చింది తనే. అది అర్థమయ్యాక కోపం తగ్గలేదు, రెట్టింపైంది. ఈసారి తన మీద. ఆ సంగతి అప్పుడే లేచి చెప్పి ఉంటే నవ్విన నోళ్లు మూతపడేవి. పదిని యాభై అన్న నోటితో ఇప్పుడు చెబితే నమ్మేదెవరు?

మర్నాడు బోర్డు మీద యాభై అలాగే ఉంది. అర్గిరో తిన్నగా వెళ్లి దాన్ని చెరిపి పది వేసింది. ఐదుతో భాగించి, నిమిషానికి రెండు మిల్లీలీటర్లు అని కూడా రాసింది. తన నలభై పక్కన 'పలుకులు' అని రాసింది. తర్వాత సంచిలోంచి రాయి తీసింది. మార్కెలోస్ ముక్కంత ఉండేలా నాన్న సుత్తితో కొట్టి తెచ్చిన ఒకే ముక్క.

తన రాయిని మళ్లీ కొలవాలని టీచర్‌ని అడిగింది. మార్కెలోసే చదవాలంది.

"నేనూ యాభై అంటే ఏం చేస్తావే?" అన్నాడు మార్కెలోస్.

"అను. అదే రాస్తాను."

వెనిగర్ పోసి ఐదు నిమిషాలైంది. మార్కెలోస్ వంగి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"పదకొండు."

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. అయినా వాడి రాయి కన్నా ఒకటి ఎక్కువే. అర్గిరో పళ్లు బిగించి తన పేరు పక్కన పదకొండు వేసింది. ఎంత నొక్కి వేసిందంటే సుద్దముక్క విరిగిపోయింది. చేతిలో మిగిలిన ముక్కతో భాగహారం పూర్తి చేసింది.