పచ్చి చెక్క డబ్బా

గాలివానకు పడిపోయిన బాదం చెట్టును మునిసిపాలిటీ వాళ్ళు ముక్కలు కోస్తుంటే, కళ్ళజోళ్ళ షాపు కుర్రాడు స్కూటర్ ఆపి పరుగున వెళ్ళి అన్నిటికన్నా లావు దుంగ మీద కూర్చున్నాడు. దాన్ని కూడా లారీ ఎక్కించేస్తారేమోనని వాడి భయం. ఊళ్ళో ఎక్కడ కొమ్మ విరిగినా వాడికి ఇట్టే తెలిసిపోతుంది. జనం పారేసిన చెక్కలన్నీ ఇంటికి మోసుకొచ్చి, లేత్ మెషీన్ మీద తిప్పి గిన్నెలు, గిలకలు చెయ్యడం వాడి పిచ్చి. వాళ్ళమ్మ వాడికి పెట్టుకున్న ముద్దు పేరు చెక్కపురుగు.

"దిగండి. అది మా చెట్టు," అంటూ గేటు తీసుకుని వచ్చిందో అమ్మాయి. పశువుల డాక్టరు. మొండి ఎద్దు కూడా మాట వినే గొంతు.

చెక్కపురుగు దిగలేదు సరికదా, దుంగ లోపల రంగు ఎంత బాగుంటుందో, ఉలి తగలగానే చారలు ఎలా బయటపడతాయో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తిట్టడానికి వచ్చిన డాక్టరమ్మ వింటూ వింటూ నవ్వేసింది. అంతే, మనవాడి పని అయిపోయింది.

వరండాలోంచి ఆ అమ్మాయి అమ్మమ్మ తీర్పు చెప్పింది. ఆ చెట్టు నాటింది తనే. దుంగ తీసుకుపోవచ్చు, కానీ తన పళ్ళ సెట్టు దాచుకోవడానికి అందులోంచి ఒక మూత డబ్బా చేసివ్వాలి.

పచ్చి చెక్కతో మూత డబ్బా చెయ్యకూడదు, నెలల తరబడి ఎండనివ్వాలి. ఆ సంగతి నలుగురికీ పాఠం చెప్పేవాడే చెక్కపురుగు. కానీ మళ్ళీ ఆ గేటు దాటాలంటే డబ్బా తప్ప ఇంకో దారి లేదాయె! ఆ ఆదివారమే మెషీన్ ఎక్కించాడు. తడి చెక్క వెన్నలా తెగింది. చుట్టలు చుట్టలుగా పొట్టు ముఖాన పడుతుంటే ఈల వేసుకుంటూ చేశాడు. మూత చక్కగా పట్టింది.

డబ్బా చూసి అమ్మమ్మ మురిసిపోయింది. అంతలో వాన పడితే, తగ్గేదాకా డాక్టరమ్మ వాడితో కబుర్లు చెప్పింది. ఇంటికి వెళ్తుంటే వాడి కాళ్ళు నేల మీద ఆనలేదు.

కొన్నాళ్ళకు ఫోనొచ్చింది. మూత పట్టడం లేదట, వచ్చి అమ్మమ్మకు సంజాయిషీ చెప్పుకోమంది డాక్టరమ్మ.

వెళ్ళేసరికి పళ్ళు గ్లాసులో ఉన్నాయి, అమ్మమ్మ మూతి బిగించుకుని ఉంది. ఇక ఈ ఇంటి గడప తొక్కనివ్వరనుకున్నాడు.

"పచ్చి చెక్కండీ. ఎండేకొద్దీ గుండ్రం పోయి కోలగా అవుతుంది. ఆగాలని తెలుసు. ఆగలేకపోయాను."

"ఏం?" అంది డాక్టరమ్మ.

"అన్ని నెలలు మిమ్మల్ని చూడకుండా ఉండాలిగా."

డాక్టరమ్మ తల ఎత్తలేదు. డబ్బా అందుకుని, మూత పెట్టి, మెల్లగా కొంచెం పక్కకు తిప్పింది. మూత మెత్తగా లోపలికి దిగింది. రెండూ ఒకే దుంగ ముక్కలోంచి వచ్చినవి, ఒకేలా వంగాయి. ఆ ఒక్క వైపుకు తిప్పి పెడితే పడుతుంది.

చెక్కపురుగు నోరు తెరిచాడు. "ఇది మీకెప్పుడు తెలిసింది?"

"నిన్ననే."

"మరి మూత పట్టడం లేదని ఇవాళ ఫోన్ చేశారేం?"

"ఆగలేనిది మీరొక్కరేనా?" అంది డాక్టరమ్మ. చెవుల దాకా ఎర్రబడింది.

అమ్మమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గ్లాసులోంచి పళ్ళు తీసి, తీరిగ్గా పెట్టుకుని, మాట స్పష్టంగా రావాలని ఒకసారి సర్దుకుంది.

"మీ అమ్మను ఎప్పుడు తీసుకొస్తావు, నాయనా?"