చుట్టాల బండి

బుడమేరు పొంగి బెజవాడ వీధుల్లో పడవలు తిరిగిన ఏడు అది. ఇక్కడ సాగర్ గేట్లన్నీ ఎత్తారు. ఆ నీళ్ళు చూడాలని జనం మాచర్ల మీదుగా తిరునాళ్ళకు కదిలినట్టు కదిలారు. బస్సుల్లో పోయినవాళ్ళున్నారు, ఆటోల్లో వేలాడినవాళ్ళున్నారు. మిర్చి వ్యాపారి ఆదినారాయణ మాత్రం తమ వీధిలోని ఉపేంద్ర క్యారవాన్‌ని కిరాయికి మాట్లాడి, ఇంటిల్లిపాదినీ అందులో తీసుకుపోయాడు.

క్యారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, స్నానాల గది, టాపు మీద ఏసీ. పాత మినీబస్సు కొని, తానే కోసి, తానే అతికి, ఉపేంద్ర దాన్ని అలా తయారు చేశాడు. అందుకోసం నూజెండ్ల దగ్గరి చేను అమ్మాల్సి వచ్చింది.

"చేనమ్మి చక్రాలు కొన్నాడమ్మా నా కొడుకు. ఇంక అయి తిరిగితేనే మాకు కూడు," అని వాళ్ళమ్మ వీరరాఘవమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది.

చక్రాలు తిరిగాయి. కానీ సాగర్ నుంచి ఇల్లు చేరేసరికి, టాపు మీద ఉండాల్సిన ఏసీ లోపల మంచం మీద పడుకుని ఉంది.

ఆ పుణ్యం ఆదినారాయణది. ఖాళీ టాపు కనబడితే ఆయన ప్రాణం ఊరుకోదు. సాగర్‌లో ఒక బేరగాడున్నాడు కదా అని, ఉపేంద్ర టీ తాగి వచ్చేలోపల మిర్చి బస్తాలు పైకెక్కించాడు. అక్కడ బేరం కుదరలేదు. బస్తాలు మళ్ళీ టాపు మీదే తిరిగొచ్చాయి. దారిలో ఒక్క గుంత చాలింది.

"బాబాయ్, అది ఏసీ. కాటా కాదు!" అని ఉపేంద్ర తల పట్టుకున్నాడు.

"ఏడవబాకరా. ఇన్సూరెన్స్ ఉందిగా!"

ఉంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ పాలసీ సొంత వాడకానికి తీసుకున్నది. కిరాయికి తిప్పినట్టు తేలితే పైసా రాదు. పాలసీ ఇచ్చేముందు బండి ఫొటోలు తీయడానికి నరసరావుపేట ఆఫీసు నుంచి ఇంద్రజ అనే అమ్మాయి వచ్చింది. "కిరాయికి తిప్పరు గదా?" అని అడిగింది. ఉపేంద్ర ఆమె కళ్ళలోకి చూస్తూ, "అబ్బే, మా చుట్టాలకేనండి," అన్నాడు. ఆ కళ్ళకేసి చూడకుండా ఉంటే నిజం చెప్పేవాడేమో.

అది మొదలు రోజూ ఫోనే.

"మేడమ్, దోమతెరకి గూడా పాలసీ వర్తిస్తదా?"

"వర్తించదు."

"మరి అద్దానికి?"

"నిన్న చెప్పాగా!"

"నిన్నటిది ముందద్దమండి. ఇది స్నానాలగదిలో అద్దం."

ఆమె ఠక్కున పెట్టేసేది. మర్నాడు మొదటి రింగుకే ఎత్తేది. ఒకసారైతే తనే చేసి, "ఇయ్యాళ ఏం ఇరగలేదా?" అని అడిగింది. ఆ మాటతో ఉపేంద్ర రెండు రోజులు అన్నం తినడం మరిచాడు.

ఇప్పుడు నిజంగా విరిగింది. చూడటానికి ఆమే రావాలి.

సన్నజల్లు పడుతుండగా వచ్చింది ఇంద్రజ. స్కూటీ ఆపి, జడ వెనక్కి వేసుకుని, నిచ్చెన ఎక్కి టాపు మీదికి తొంగి చూసింది.

"హాచ్!"

"ఇంకోటి తుమ్ము తల్లీ! ఒంటితుమ్ము పనికి మంచిది గాదు," అంది కింద నుంచి వీరరాఘవమ్మ.

పెద్దావిడ మాట పోనీయకుండా ఇంద్రజ ఆగకుండా తుమ్మింది. ముక్కు ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు. ఇంత అందంగా తుమ్మేవాళ్ళుంటారా అనుకుంటూ ఉపేంద్ర నిచ్చెన పట్టుకోవడం కూడా మరిచాడు.

"టాపు మీద మిర్చి గింజలేందండీ?"

"చుట్టాలు ఇంటి కారానికి తెచ్చుకున్నారండి."

"గేట్లు చూడబోతా కారం పట్టించుకుంటారా?"

"మా చుట్టాలు అంతేనండి."

ఆమె ముక్కు తుడుచుకుంటూ దిగింది. "ఏరీ ఆ చుట్టాలు? వాళ్ళతో మాట్లాడాలి."

ఆదినారాయణ ముందే సిద్ధంగా ఉన్నాడు. అబద్ధమైనా సరుకు గట్టిగా ఉండాలన్నది ఆయన వ్యాపార సూత్రం. కూతురు బిందుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల మొక్కజొన్న కండె తింటూ నిలబడింది.

"ఈ అబ్బాయి మీకేమవుతాడండీ?" అని అడిగింది ఇంద్రజ.

"ఏమవటమేందమ్మా! కాబోయే అల్లుడు. మా బిందుని ఇచ్చేది ఇతనికే. తాంబూలాలు గూడా అయినయ్."

బిందు నోట్లో గింజలు ఆగిపోయాయి. "నాకు చెప్పకుండానా నాన్నా?"

ఉపేంద్ర కంగారుగా, "బాబాయ్! ఏంది బాబాయ్ ఇది!" అన్నాడు.

ఇంద్రజ ముఖంలో ఏదో ఆరిపోయింది. అంతలోనే కనుబొమ్మలు పైకి లేచాయి.

"బాబాయా? బాబాయి కూతుర్ని చేసుకుంటారా మీ ఇళ్ళల్లో?"

వీధిలో అందరినీ వరస కలిపి పిలిచే అలవాటు ఇలా కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు? ఆదినారాయణ ఒక్క క్షణం తడబడ్డాడు. వ్యాపారి కనుక వెంటనే తేరుకున్నాడు.

"మొన్నటిదాకా బాబాయినేనమ్మా. తాంబూలాలప్పుడు మామనయ్యా. ఈడికింకా నోరు తిరగట్లా."

ఇంద్రజ తడవకుండా బండిలోకి ఎక్కింది, వెనకే అందరూ ఎక్కారు. సీటు మీద కాగితం పెట్టుకుని, మొత్తం రాసి, పెన్నుతో సహా ఉపేంద్ర ముందుకు తోసింది.

"బండి కాబోయే మామగారింటికి ఇచ్చాను, కిరాయికి గాదు. అదేగా మీరు చెప్పేది? సంతకం పెట్టండి. ఏసీ డబ్బులొస్తయ్." తల ఎత్తకుండా బ్యాగు సర్దుకుంది. "కంగ్రాట్స్ గూడా."

ఉపేంద్ర పెన్ను పట్టుకున్నాడు. పైన టాపుకు పడ్డ చిల్లులోంచి వాన చుక్కలు మెడ మీద పడుతున్నాయి. అమ్మ ముఖం చూశాడు. సంతకం పెడితే చక్రాలు తిరుగుతాయి. పెట్టకపోతే చేనూ లేదు, బండీ లేదు.

"పెట్టరా!" అని ఆదినారాయణ గుసగుసలాడాడు. "సంతకానికే పెళ్ళయిపోద్దా ఏంది!"

"పెట్టను బాబాయ్."

"ఎందుకురా?"

"ఆమె చేత్తో రాసిన కాగితం మీద, నేను ఇంకొకరి మొగుణ్ణని సంతకం పెట్టలేను."

వాన చప్పుడులో బిందు మొక్కజొన్న కొరికిన చప్పుడు పెద్దగా వినబడింది.

ఉపేంద్ర పెన్ను తిరిగిచ్చేశాడు. "కిరాయికే తిప్పానండి. మీకు అబద్ధం చెప్పా. ఈయన మా వీధాయన, అంతే."

"అబద్ధం చెప్పి పాలసీ తీసుకున్నారు. ఇట్టాంటిది పైవాళ్ళు పట్టుకుంటే నా ఉద్యోగం పోయేది, తెలుసా?"

"అది ఇప్పుడు ఎలిగిందండి. క్షమించమని అడిగే మొహం గూడా లేదు."

"క్లెయిమ్ రాదు. పాలసీ గూడా రద్దవుద్ది."

"సరేనండి."

ఆ "సరేనండి" విని ఆదినారాయణ తల వంచుకున్నాడు. "ఒరేయ్, ఏసీ నేను పెట్టిస్తాలే. బస్తాలెక్కించింది నేనేగా," అని గొణిగి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూశాడు. ఎవరూ మెచ్చుకోలేదు.

ఇంద్రజ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బ్యాగులో వేసుకుంది. బండి దిగి స్కూటీ దాకా నడిచి, వెనకే దిగినవాళ్ళ వైపు తిరిగింది.

"పసుపు నంబరు బోర్డు పెట్టించి, పర్మిట్ తీసుకుని, కిరాయి బళ్ళ పాలసీ కట్టారనుకోండి, ఊరందర్నీ ఎక్కించుకోవచ్చు. ఎవరికీ వరసలు కలపక్కర్లా."

"మీరు రాసిస్తారా?"

"నిజం చెప్పేవాళ్ళకి రాస్తా." కాసేపు హ్యాండిల్ మీది నీళ్ళు తుడిచింది. తుడవాల్సినంత నీళ్ళు లేవు. "ఇందాక ఏందో అన్నారు. నా చేత్తో రాసిన కాగితమనీ..."

"అన్నానండి."

"మళ్ళా అనండి."

ఉపేంద్ర చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"నేను చెప్పనా అక్కా? నాకు మొత్తం గుర్తుంది," అంది బిందు.

"నువ్వు కండె తినమ్మా," అంది వీరరాఘవమ్మ. కొడుకు వీపు మీద చెయ్యి వేసి ముందుకు ఒక్క తోపు తోసింది. "ఎళ్ళరా. వానలో నిలబెడతావేంది పిల్లని!"

ఆ తోపుకు అతను స్కూటీ ముందు ఆగాడు. అతను మెల్లగా ఏం చెప్పాడో ఇటున్నవాళ్ళకు వినబడలేదు. ఇంద్రజ చెవులు ముక్కుకంటే ఎర్రగా అవడం మాత్రం అందరికీ కనబడింది.

"రేపు పేట ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దగ్గరికి రండి," అంది ఆమె. "నాకు గూడా పనుంది అక్కడ."

"ఏం పనండి?"

"మీరొస్తే ఉంటది. రాకపోతే లేదు."

మర్నాడు కోడి కూయకముందే లేచి ఉపేంద్ర టాపు చిల్లు మీద పట్టా కట్టాడు. తెల్లవారేసరికి బండిని నరసరావుపేటలో ఆఫీసు గేటు ముందు ఆపాడు. గేటుకింకా తాళం వేసే ఉంది. దారిలో కొన్న పాలు పొయ్యి మీద పెట్టి, రెండు గ్లాసులు కడిగి బోర్లించి, రోడ్డు వైపు తలుపు బార్లా తీసి కూర్చున్నాడు.