గోనె దుప్పి

మంగ వాకిలి చల్లి, ముగ్గు వేసి లేచేసరికే మామ భూమన్న పెరట్లో ఉన్నాడు. చేతిలో వెదురు విల్లు. ఎదురుగా నలభై అడుగుల దూరంలో మక్కజొన్న బస్తా. వేసిన మూడు బాణాలూ బస్తాను తప్పి వెనక దడిలో గుచ్చుకుని ఉన్నాయి.

"చాయ్ చల్లారుతుంది మామా."

"ఆగు బిడ్డా. ఇయ్యాల జర గాలి ఉన్నది."

గాలి లేదు. దడి అవతల పసుపు చేలో ఒక్క ఆకు కూడా కదలడం లేదు. మంగ దడిలోని బాణాలు పెరికి తెచ్చి ఇచ్చింది.

దసరా ఇంకా ఐదు రోజులుంది. పెర్కిట్ ఊరు దాటాక ఉన్న వాళ్ల వాడలో ఆ రోజు సాయంత్రం దేవుడు వేటకు వెళతాడు. గోనెసంచితో కుట్టి, గడ్డి కూరిన దుప్పిని చేను గట్టున నిలబెడతారు. దేవుడి తరఫున ఒక ఇంటి పెద్ద దానిమీద ఒకే ఒక్క బాణం వేస్తాడు. తగిలితే విల్లు మరో ఏడాది ఆ ఇంట్లోనే ఉంటుంది. తప్పితే పాలివాళ్ల ఇంటికి, అంటే దాయాదుల ఇంటికి పోతుంది. భూమన్న ఇంట్లో అది పద్దెనిమిదేళ్లుగా ఉంది.

భార్య సాయవ్వ పోయి ఏడాదిన్నర. ఆమె ఫోటో పక్కన మేకుకే ఆ విల్లు వేలాడుతుంది. కొడుకు సాయిప్రసాద్ మస్కట్‌లో పని చేస్తున్నాడు. ఇంట్లో మిగిలింది మామ, కోడలు. మామ ఫోటో ఎదురుగా కూర్చుని తింటాడు. కోడలు పొయ్యి దగ్గర తింటుంది. తినేటప్పుడు గిన్నెల చప్పుడు తప్ప ఆ ఇంట్లో వేరే చప్పుడు ఉండదు.

చాయ్ తాగాక మంగ ఒక డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. సాయిప్రసాద్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పంపించాడు. అందులో రెండు సైట్లు ఉన్నాయి, విల్లుకు కట్టుకుని గురి చూసేవి. ఒకదానికి మూడు సన్నని పిన్నులు. రెండోదానికి పిన్నే లేదు, ఒట్టి వలయం.

భూమన్న మొదటిది కట్టి కన్ను చికిలించాడు.

"ముల్లు జూస్తే బస్తా మాయమైతది. బస్తా జూస్తే మూడు ముండ్లు తొమ్మిదైతున్నయ్."

"డాక్టరమ్మ చెప్పింది గద మామా. గీ వయసుల కన్ను దగ్గరిది, దూరంది ఒక్కసారే పట్టదట. అందుకే గీ రెండోది కట్టు. నువ్వు దుప్పినే సూడు. వలయం దానంతట అదే నడుమకొస్తది."

"ముల్లు లేకుండ గురేంది? ఉప్పులేని పప్పు లెక్క."

"నాలుగు దినాలు తినిసూడు. అలవాటైతది."

ఆయన సైటును డబ్బాలో పడేశాడు. "గివన్ని నాకెందుకు తెప్పించినవ్? పోయినేడు ఏం కట్టుకొని తాకించిన? అంతకు ముందేడు? నా గురిమీద ఊరికి లేని అనుమానం నా ఇంట్లనే పుట్టిందా?"

"అనుమానం గాదు మామా. ఈసారి మన వాడ పోరడు రంజిత్ దుప్పి పక్కపొంటి నిలబడి ఫోన్ల లైవ్ పెడతడట. దుబాయ్, మస్కట్‌ల ఉన్నోళ్లందరు సూస్తరట."

"సూడనీ! నీ మొగడు సుత సూస్తడు. మంచిదే గద!"

"అందరు సూస్తుంటే నేనెట్ల..."

మంగ నాలుక కరుచుకుంది.

"నువ్వెట్ల ఏంది? చెప్పు."

బాణం తగిలిందో లేదో ముందుగా చూసేది ఆ ఇంటి ఆడమనిషే. అది ఆనవాయితీ. మగవాళ్లు బాణం వేసిన చోటే ఆగిపోతారు. ఆమె ఒక్కతే హారతి పళ్లెంతో వెళ్లి, కొంగు అడ్డం పెట్టి, దుప్పిమీద పసుపు నీళ్లు చల్లి, బాణం పెరికి పైకెత్తి చూపుతుంది. అప్పుడే డప్పు మోగుతుంది. నిరుడు వెళ్లింది మంగ.

"నీ బాణం తాకలే మామా," అంది తల వంచుకుని. "గడ్డిల పడ్డది. నేనే దేవులాడి గుచ్చిన."

"అబద్ధం!"

"అంతకు ముందు మూడేండ్లు అత్తమ్మ గుచ్చింది. దవాఖానల నా చెయ్యి పట్టుకొని చెప్పింది. 'ఆయన కండ్లు మసకలైనయే. విల్లు పోతే మనిషి మంచం పడతడు. నా తర్వాత నువ్వు గుచ్చు' అన్నది."

భూమన్న విల్లును అరుగుమీద పెట్టాడు.

"అత్తాకోడండ్లు కలిసి నన్ను పిచ్చోన్ని చేసిన్రా," అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం పెడితే రాలేదు. మంగ కూడా తినలేదు. పొయ్యి ముందు మోకాళ్లమీద తల పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడినీ ఈ పూట తనే పోగొట్టుకున్నట్టు అనిపించింది.

ఎండ వాలాక భూమన్న చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని సామాన్ల అర్రలోకి వెళ్లాడు. గడ్డి తీసేసిన దుప్పి తోలు దూలానికి వేలాడుతోంది. ఏటా గడ్డి మారుతుంది, గోనె అదే. పడిన ప్రతి రంధ్రాన్నీ సాయవ్వ పసుపు రంగు దారంతో కుట్టేది.

ఆయన ఒక్కొక్క కుట్టునూ వేలితో తడిమాడు. పాతవి తుంటిమీద, పొట్టమీద, ఒకటి చెవి పక్కన, వంకరగా చిరిగి ఉన్నాయి. చివరి మూడూ మెడ దగ్గర, పక్కపక్కనే, తిన్నగా ఉన్నాయి. నిదానంగా, చేత్తో పొడిచినట్టు. వాటి కింద కుట్టని రంధ్రం ఒకటి. దాని అంచు రెండుసార్లు గుచ్చినట్టు చిరిగి ఉంది. అది నిరుడు మంగ భయంభయంగా గుచ్చింది.

ఆ దసరాలు గుర్తొచ్చాయి. బాణం ఎత్తి "తాకింది!" అని సాయవ్వ అరిచిన అరుపు గుర్తొచ్చింది. ఒకసారి ఆమె ముంజేతులనిండా గీతలుంటే, ఏమైందని అడిగాడు తను. మక్క ఆకు కోసిందని నవ్వేసింది. గడ్డిలో, ముళ్లలో తన బాణం కోసం వెతికిన చేతులవి.

"మూడేండ్లు పక్కన్నే పండుకొని ఒక్కనాడన్న నోరు జారకపోతివి గదనే సాయవ్వా," అన్నాడు. గోనె తోలుకు ముఖం ఆనించి ఏడ్చాడు.

మంగ గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆయన తిరిగి చూడకుండానే సూది, పసుపు దారం ఆమె వైపు చాచాడు.

"దారం ఎక్కియ్యి బిడ్డా. నాకు కానొస్తలేదు. నువ్వు చేసిన బొర్ర సుత కుట్టు. మీ అత్త ఉంటే అట్ల ఇడిసిపెట్టకపోవు."

ఆమె కుడుతూ ఉంటే, ఆయన కళ్లు తుడుచుకుని, "రేపు గా ముల్లు లేనిదే కట్టు. సూద్దాం," అన్నాడు.

దసరా సాయంత్రం భూమన్న విల్లు ఎత్తాడు. బాణం మొనను చూడలేదు. దూరాన గోనెమీద పాత పసుపు నీళ్ల మరకనే చూశాడు. వలయం మెల్లగా వచ్చి దాని చుట్టూ నిలిచింది. వదిలాడు.

మంగ అలవాటుగా పళ్లెం పట్టుకుని బయలుదేరింది. వెనకనుంచి మామ గొంతు వినిపించింది.

"మంగా! పడ్డకాడనే ఉండనియ్ బిడ్డా. నేనొస్తున్న."

ఆనవాయితీ తప్పి ఆయనే నడిచాడు. జనం గుసగుసలాడారు. రంజిత్ ఫోన్ దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. భూమన్న గడ్డిలో వంగి, బాణం తీసి, అందరికీ కనిపించేలా ఎత్తాడు.

"తాకలే!" అన్నాడు గట్టిగా.

తర్వాత విల్లు తీసుకెళ్లి, పాలివాడు భూమేశ్వర్ చేతిలో తనే పెట్టాడు.

ఇంట్లో ఫోటో పక్కన ఒట్టి మేకు మిగిలింది. మంగ ఎప్పటిలాగే ఫోటో ఎదురుగా పీట వేసింది. భూమన్న పీట ఎత్తుకుని వచ్చి పొయ్యి పక్కన వేసుకున్నాడు.

"నువ్వు సుత పెట్టుకో. ఒక్కన్నే తిని తిని యాష్టకొచ్చింది."

ఇద్దరూ తింటున్నారు. సగం అన్నం అయ్యాక ఆయన అడిగాడు.

"ఇయ్యాల దుప్పికి ఎంత దూరంల పడ్డది బిడ్డా? నాకు కానరాలే, సరిగ్గ చెప్పు."

"జానెడు, మామా."

"మరి మీ అత్త కాలంల?"

"రెండు మూరలని చెప్పింది."

ఆయన భుజాలు కదిలాయి. మళ్లీ ఏడుస్తున్నాడేమోనని మంగ భయపడి తల ఎత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, కానీ ఆయన నవ్వుతున్నాడు. ఏడాదిన్నరలో మొదటిసారి.

"ఇన్నవా? నేను మెరుగైన," అన్నాడు భూమన్న, గోడమీది ఫోటో వైపు తిరిగి.