తొలకరి పెట్టె మీద బొట్టు

"పామర్రులో వానెలా ఉంది?"

"కుప్పల మీద పరదాలు కప్పారు."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది.

గవర్నర్‌పేటలో హోల్‌సేల్ షాపుల పైనున్న లాడ్జి గది అది. లోపల చీఫ్ జయకృష్ణ ఇడ్లీ పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. దేశభద్రత ఎంత ప్రమాదంలో ఉన్నా ఆయన టిఫిన్ మానడు.

"కూర్చో ఎలీషా. కొంగ ఇవాళే కదులుతోంది."

కొంగ అంటే పక్షి కాదు. వాతావరణ పరికరాలు అమ్ముకునే ఒక విదేశీ కంపెనీ తెరవెనుక నడిపే ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఈసారి దాని కన్ను మంగళగిరిలో తయారైన 'తొలకరి' మీద పడింది. చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె. ఉపగ్రహంలో కూర్చుని బంగాళాఖాతం మీది తేమని కొలుస్తుంది. తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెబుతుంది. చిన్న కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే పరిశోధన గ్రాంటుతో దీవెన, పవన్‌కుమార్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఏళ్ళతరబడి కష్టపడి దాన్ని తయారుచేశారు.

"అసలు పెట్టె తీసేసి డమ్మీ పెడతారు," అన్నాడు జయకృష్ణ. "ఆ డమ్మీయే రాకెట్ ఎక్కుతుంది, పైన పనిచెయ్యదు. ఫెయిలైందని గ్రాంటు రద్దవుతుంది, వీళ్ళ కంపెనీ మూతపడుతుంది. అసలు పెట్టెని వాళ్ళు కాపీ కొట్టి మనకే అమ్ముతారు."

"స్వాప్ ఎక్కడ?"

"ఒంగోలు దాటాక, రాకెట్ కేంద్రానికి వెళ్ళే హైవే మీద. సింధూరి రిపోర్ట్ అది. మన టీమంతా అక్కడే కాపు కాస్తోంది. ల్యాబ్‌లో వ్యాన్ ఎక్కించేదాకా నువ్వు చూస్కో."

సింధూరి పేరు వినగానే ఎలీషాకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చాడు. సింధూరి డిపార్ట్‌మెంట్ మనిషే. ముఠాలో చేరి, వాళ్ళ మనిషిలా నటిస్తూ కబుర్లు మోసుకొస్తుంది. ఈస్టర్ వెళ్ళాక ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్న సంగతి చీఫ్‌కి ఇంకా తెలియదు.

రెండు నెలలుగా ఎలీషా వేషం గ్రాంట్ ఆడిటర్. లావుపాటి కళ్ళద్దాలు, బట్టతల విగ్గు, చంకలో ఫైలు, చేతిలో కాల్‌క్యులేటర్. ఆడిటర్ ముఖంలోకి ఎవరూ సూటిగా చూడరు గనక ఇంతకంటే మంచి వేషం లేదు. పేరు మాత్రం మార్చలేదు, పిలిస్తే వెంటనే పలకాలి కదా.

మధ్యాహ్నానికి మంగళగిరి ల్యాబ్ ముందు వ్యాన్ సిద్ధంగా ఉంది. తొలకరిని నల్లటి కేసులో పెట్టి బల్ల మీద ఉంచారు. దీవెన దాని చుట్టూ తిరుగుతోంది. పవన్‌కుమార్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"ఆడిటర్ గారూ, ఇది పైకెళ్ళి పనిచేస్తే చాలండీ," అంది దీవెన. "పామర్రులో కోతలప్పుడు తుఫానొచ్చి మా నాన్న ఎన్నిసార్లు మునిగాడో. ముందే తెలిస్తే కుప్పలేసుకునేవాళ్ళం కదా అనేవాడు, పోయేదాకా."

ఎలీషాదీ పామర్రు పక్క ఊరే. ఆ మాట అతనికి బాగా తగిలింది. కానీ ఆడిటర్ కదలకూడదు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

అప్పుడే సింధూరి వచ్చింది. జరీ అంచు చీర, ముంగురులు, ఆమె కంటే ముందే గదిలోకి వచ్చే సెంటు వాసన. ల్యాబ్ వాళ్ళకి ఆమె ఇన్వెస్టర్ల తరఫు కన్సల్టెంట్. రెండు చేతుల్లోనూ చీరల కొట్టు సంచులు. మంగళగిరి వచ్చిన ఆడవాళ్ళ చేతిలో ఆ సంచులు లేకపోతేనే అనుమానించాలి.

"మీ పెట్టెని సాగనంపి వెళ్దామని వచ్చానండీ."

దీవెన తల్లి రూతమ్మ లేచి కొంగు తలమీదికి లాక్కుంది. "ప్రార్థన చేసుకుని పంపుదాం. అందరూ కళ్ళు మూసుకోండి."

రూతమ్మ ప్రార్థన రాకెట్‌తో మొదలైంది. సైంటిస్టుల మీదుగా వ్యాన్ డ్రైవర్ దగ్గరికి, అతని బ్రేకుల దగ్గరికి, పామర్రు కుప్పల దగ్గరికి వెళ్ళింది. ఆడిటర్ గారి మనసు మెత్తబడాలని కూడా వేడుకుంది. పవన్‌కుమార్ మర్యాదగా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఎలీషా పాస్టరు గారి అబ్బాయి. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే తండ్రి చెవి మెలిపెట్టేవాడు. కాపలా ఉన్నవాడు కళ్ళు మూసుకోకూడదని అతనికీ తెలుసు. కానీ పక్కన సింధూరి ఉంది. ఇద్దరిలో ఒకరి కళ్ళు చాలనుకున్నాడు.

"ఆమెన్."

సింధూరి వాచీ చూసుకుంది. "గన్నవరంలో నా ఫ్లైట్‌కి టైమైందండీ." సంచులు తీసుకుని, వెళ్తూ వెళ్తూ ఎలీషా వంక ఓరగా నవ్వింది. ఆ నవ్వు అతనికి ఎప్పుడూ సరిపోయేది.

పావుగంట తర్వాత, సీలు వేసేముందు ఆఖరుసారి చూద్దామని పవన్‌కుమార్ కేసు మూత తీశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"దీవెనా, బొట్టు ఉంచేశావా? థాంక్స్."

"బొట్టేంటి? దసరా నాడే తుడిచేశాను కదా. కుంకం రేణువు అద్దం మీద పడితే రీడింగులన్నీ పోతాయని నీతో గొడవ కూడా పడ్డాను."

పెట్టె పక్కన ఎర్రగా గుండ్రటి బొట్టు. ఎలీషా వేలితో రుద్దాడు. చెరగలేదు. గోటితో గీకాడు. పెయింటు.

ఇది డమ్మీ అని ఎలీషాకి అర్థమైంది. ఆయుధపూజ నాడు పవన్‌కుమార్ ల్యాబ్‌లో ప్రతి పరికరానికీ బొట్టు పెట్టాడు, తొలకరికి కూడా. దీవెన తుడిచేదాకా అది కాసేపే ఉంది. ఆ కాసేపట్లో తీసిన ఫొటో ఒక్కటే ఉంది. ల్యాబ్‌లో ఫొటోలు నిషిద్ధమని రూలు పెట్టిన ఎలీషాయే, ఆ రోజు కొబ్బరి చిప్ప పట్టుకుని, పక్కన పెట్టె కనబడేలా సెల్ఫీ తీసుకున్నాడు. 'పాస్టరు గారబ్బాయి పూజ' అని రాసి ఒక్కరికే పంపాడు. ఆమెని నవ్వించడానికి.

సింధూరి నవ్వు ఎమోజీ ఒకటి తిరిగి పంపింది. ఫొటో మాత్రం ముఠాకి పంపింది. పరాయి దేశంలో డమ్మీ చేసినవాడికి ఆ ఎర్రచుక్క ఏమిటో తెలియక, అదీ పరికరంలో భాగమే అనుకుని శ్రద్ధగా రంగేశాడు. సింధూరికేమో పూజ చేసిన వస్తువు మీద బొట్టుండటం వింతగా తోచలేదు. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు చీరల సంచిలోని కేసుని బల్ల మీద పెట్టి, బల్ల మీది కేసుని సంచిలో వేసుకుంది.

"వ్యాన్ ఆపండి," అన్నాడు. అతని గొంతు ఆడిటర్ గొంతులా లేదు. "పవన్, నీ స్కూటర్ తాళం."

పరుగెత్తుతూనే కాల్‌క్యులేటర్‌లో మూడు మీటలు నొక్కాడు. ముఠావాళ్ళు ఎప్పుడైనా సింధూరిని ఆమె కారులోనే ఎత్తుకుపోతే అది ఆగిపోవాలని, పోయిన వారం ఆ కారు కింద చిన్న పరికరం అంటించాడు. భయపడుతుందని ఆమెకి చెప్పలేదు.

కారు కృష్ణ మీద వారధి మధ్యలో ఆగిపోయింది. వెనక బస్సులు, ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. ఎలీషా వెళ్ళేసరికి సింధూరి పిట్టగోడ పక్కన, నల్ల కేసు నదిపైకి చాచి పట్టుకుని నిలబడింది. ఎలీషా విగ్గు ఎక్కడో ఎగిరిపోయింది.

"దగ్గరికొస్తే వదిలేస్తా."

"ఒంగోలు అన్నావ్."

"నువ్వు నమ్మావ్."

"ఎప్పట్నుంచి?"

"నీకంటే ముందునుంచి." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేదనిపించింది అతనికి. "ఒకటి అడగనా? నిజంగానే కళ్ళు మూసుకున్నావా? లేక నాకోసం నటించావా?"

"నువ్వు పక్కనున్నావు కదా. తెరవాల్సిన పనేముంది?"

ఆమె చూపు ఒక్క క్షణం కిందికి దిగింది. ఆ క్షణంలోనే ఎలీషా దూకాడు. ఆమె చెయ్యి వదిలింది, అతని చేతికి కేసు పట్టీ అందింది. కింద కృష్ణ ఎప్పటిలాగే పారుతోంది. పట్టీ తెగలేదు.

పోలీసులు తీసుకెళ్తుంటే సింధూరి వెనక్కి తిరగలేదు. తిరుగుతుందేమోనని జీపు మలుపు తిరిగేదాకా చూశాడు ఎలీషా. దేశాన్ని మోసం చేసినందుకు ఆమె మీద కేసు పెడతారు. ఆ సెల్ఫీ చూసి నవ్వినందుకు పెట్టడానికి ఏ సెక్షనూ లేదు.

ఫోన్ మోగింది. జయకృష్ణ. "పామర్రులో వానెలా ఉంది?"

"వెలిసింది సార్."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"ట్రాఫిక్ సార్."

సాయంత్రం ల్యాబ్‌లో పవన్‌కుమార్ అసలు తొలకరిని రెండుసార్లు పరీక్షించాడు. ఆడిటర్‌కి బట్టతల ఎలా మాయమైందని అడగాలనుకుని కూడా అడగలేదు. దీవెన పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

"మళ్ళీ ప్రార్థన చేసి పంపుదాం," అంది రూతమ్మ. "అందరూ కళ్ళు మూసుకోండి."

ఎలీషా పెట్టె మీద చెయ్యి వేసి, ఒక కన్ను మూసుకున్నాడు.

"ఆ రెండోది కూడా, బాబూ," అంది రూతమ్మ.

అతను తలతిప్పి చూశాడు. ఈసారి ఆవిడ కన్ను కూడా ఒకటి తెరిచే ఉంది.