ఆదాముకు ఏ కూర ఇష్టం?

పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డ సంపూర్ణ, కూతురు అడిగిన ప్రశ్నకు పాల సంగతే మరిచిపోయింది.

“అమ్మా, నాన్నకు ఏ కూర ఇష్టం?”

ఆదాము పోయి ఇవాళ్టికి ఏడాదైంది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇల్లెందు పక్క ఆ గని కాలనీలో ఆయన చాయ్ తాగని ఇల్లు లేదు. వాళ్ళ చర్చిలో ఓ పద్ధతి ఉంది. ఏడాది ప్రార్థన నాడు, పోయిన మనిషికి ఇష్టమైన కూర ఇంట్లోవాళ్ళు వండి, వచ్చినవాళ్ళకు ముందుగా అదే వడ్డించాలి.

“పప్పుచారు చేస్త,” అంది సంపూర్ణ, పొంగిన పాలు తుడుస్తూ.

“పప్పుచారా? నవ్విపోతరు. అది నాన్నకు ఇష్టమేనా?”

“రోజూ తిన్నడు గద.”

“రోజూ పెట్టినవు గాబట్టి తిన్నడు.” మహిమ ఖానాపురం హవేలిలో బడి టీచరు. జవాబు తప్పయితే ఇంట్లోనైనా సరే మార్కులు వేయదు.

సంపూర్ణ పాలగిన్నె దించి పక్కన పెట్టింది. నిజమేమిటంటే, ఆమెకు తెలియదు. ఊరందరితో గలగలా మాట్లాడే ఆదాము ఇంటికొస్తే కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని, పడక కుర్చీలో వాలిపోయేవాడు. బాగుందనీ, బాగాలేదనీ అనేవాడు కాదు. ఒకసారి కావాలనే ఉప్పు వేయకుండా పెట్టి చూసింది. అదీ తిన్నాడు.

పొద్దెక్కేసరికి వాకిట్లో షామియానా కింద జనం నిండారు. వాళ్ళతోపాటు టిఫిన్ డబ్బాలూ వచ్చాయి.

“ఎండుచేపలు, వంకాయ తెచ్చిన వదినా,” అంది పక్క క్వార్టర్ భద్రమ్మ. “అన్నకు దీని మీదనే పానం. ‘గిట్ల ఎవరూ వండరు భద్రమ్మా’ అనేటోడు.”

వెనకే తండా నుంచి సోమ్లి జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు పట్టుకొచ్చింది. “‘గిట్ల ఎవరూ చెయ్యరు సోమ్లీ’ అనేటోడు అన్న.”

ఆ తర్వాత వచ్చిన గిన్నెలన్నిటి వెంటా అదే మెప్పు వచ్చింది. మనిషికో మాట మార్చే శ్రమ కూడా ఆదాము పడలేదని సంపూర్ణకు అర్థమైంది. భద్రమ్మకూ అర్థమైనట్టుంది, సోమ్లి డబ్బా వైపు అదోలా చూసింది.

“ముందు నాదే వడ్డియ్యాలె,” అంది భద్రమ్మ.

“ఏందీ, నా రొట్టె ఏం పాపం చేసింది?” అంది సోమ్లి.

పాస్టరు బైబిలు మూసి గొంతు సవరించుకున్నాడు. తగవు తీర్చే తొందరలో మహిమ పప్పుచారు గిన్నెను బల్ల మీంచి తీసి కింద పెట్టేసింది. “భద్రమ్మత్త కూర ముందు పెడదాం. ఇది తర్వాత చూద్దాంలే అమ్మా.”

“ఆ గిన్నె తీసి బల్ల మీద పెట్టు.”

“అమ్మా, అందరి ముందట...”

“అందరి ముందటనే అంటున్న.” సంపూర్ణ జనం వైపు తిరిగింది. “గింతమందిని మెచ్చుకున్న మనిషి నాకు ఒక్కనాడన్న ఒక్క మాట చెప్పిండా? నవ్వులన్నీ మీకు పంచి, ఒట్టి చేతులతోని ఇంటికొచ్చెటోడు. ఇయ్యాల ఆయనకేం ఇష్టమో కూడ మీరే చెప్తున్నరు. మరి నేనెవరిని?”

మహిమ ముఖం ఎర్రబడింది. “పోయిన మనిషి మీద గట్లంటవా? నాన్నసుంటోడు ఈ కాలనీల ఇంకొకడున్నడా?”

“లేడు. అందుకే అడుగుతున్న.”

ఆదాముతో ఒకే షిఫ్టులో బాయి దిగిన రూప్‌సింగ్ మెల్లగా లేచాడు. “వదినమ్మా, కోపం చెయ్యకు. ఒకపాలి నేనే అడిగిన, ‘అన్నా, నీ నోరు ఎప్పుడన్న ఊకుంటదా?’ అని. ‘ఇంటికి పోతె ఊకుంటదిరా. ఆడ ఎవర్నీ నవ్వియ్యాల్సిన పని లేదు. సంపూర్ణ ముందట ఊకె కూసుంటా. పొద్దంతా గా దానికోసమే చూస్తా’ అన్నడు.”

నలుగురు నవ్వారు. సంపూర్ణ నవ్వలేదు.

ఆమెకు ఓ వానాకాలపు సాయంత్రం గుర్తొచ్చింది. కరెంటు పోయింది. దీపం వెలిగిద్దామని లేవబోతే, కుర్చీలోంచి ఆదాము అన్నాడు, “కూసో.” అంతే. వాన తగ్గేదాకా ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. అలాంటి సాయంత్రాలు ఎన్ని గడిచాయో! ఆ ఒక్క మాటను ఆమె ఏనాడూ మాటల్లో జమ కట్టలేదు. తనతో మాట్లాడటానికి ఆయనకు మనసు రాలేదనుకుంది గానీ, మాట్లాడకపోయినా చెల్లే చోటు ఆయనకు ఇదొక్కటేనని అనుకోలేదు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. భద్రమ్మ వచ్చి భుజం పట్టుకుంది.

మహిమ వంగి పప్పుచారు గిన్నె ఎత్తి బల్ల మధ్యలో పెట్టింది. “తప్పైందమ్మా. ముందు ఇదే వడ్డియ్యి.”

సంపూర్ణ కళ్ళు తుడుచుకుని బల్ల నిండా ఉన్న డబ్బాలను చూసింది. “వద్దు. అన్ని మూతలూ తీయండ్రి, అన్నీ ఒక్కసారే పెడదాం. గిట్ల ఎవరూ వండరని అందరికీ చెప్పి పోయిండు. ఇప్పుడొకటి ముందు పెడితే మిగిలినోళ్ళ దగ్గర ఆయన పరువేమైతది?”

ఈసారి పాస్టరు కూడా నవ్వేశాడు.

అందరూ తిన్నాక సంపూర్ణ వంటింటి గడప మీద కూర్చుని పప్పుచారు కలుపుకుంది. మహిమ కంచం పట్టుకొచ్చి ఏదో చెప్పబోయింది. సంపూర్ణ వద్దన్నట్టు తల ఊపి, కొంచెం జరిగి, “కూసో,” అంది.