తొలి బస్సులో పెళ్లిచీర

సాయంత్రం దీపాలు పెట్టే వేళలోగా అయిదు పనులు కావాలి. బెంగళూరు నుంచి తిరిగొచ్చిన మూటను విప్పి చూడాలి. బస్సులో డ్రైవరు సీటు పక్కన సామాన్లు పెట్టే చోటును పరీక్షించాలి. ధర్మవరం పోయి, చీర నేసిన మనిషితో మాట్లాడాలి. ఆ మూటకు దగ్గరగా మెలిగిన వాళ్లందరినీ పెనుకొండ షెడ్డుకు రప్పించాలి. అయిదోది మాత్రం ప్రవీణ్‌కు అంతుపట్టలేదు. ఒక మామూలు చీర, దాన్ని చుట్టడానికి తెల్లబట్ట కొనుక్కురావాలట.

"చీర ఎవరికి మేడమ్?" అని అడిగాడు.

"దొంగకు," అంది తనూజ నవ్వకుండా.

హిందూపురం బస్టాండు ఎదుట మేడమీద గదిలో ప్రైవేటు డిటెక్టివుగా తనూజ పేరు తెచ్చుకుంది. ఆమె దగ్గర సహాయకుడిగా చేరినప్పటి నుంచి ప్రవీణ్‌కు ఒకటే ఆశ్చర్యం: తాను చూసినవే ఆమె కూడా చూస్తుంది, కానీ ఆమెకు కనబడేవి తనకు కనబడవు.

ఆ పొద్దు వాళ్లముందు కూర్చున్న మనిషి బస్సు డ్రైవరు గంగన్న. కుర్చీ నిండా కూర్చోడానికి కూడా జంకుతున్నాడు.

గంగన్న నడిపే బస్సు సురేంద్రది. తెల్లవారుతూనే ధర్మవరంలో బయలుదేరి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరుతుంది, సాయంత్రానికి తిరిగొస్తుంది. ఎలహంక ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, పూల రైతులు రోజూ దాన్నే నమ్ముకున్నారు. నేతగాళ్లకైతే ఆ బస్సు ఇంటి మనిషి కింద లెక్క. నేసిన పట్టుచీరను మూటగట్టి గంగన్న చేతికిచ్చి, అక్కడ ఎవరొచ్చి తీసుకుంటారో చెప్పి వెళ్లిపోతారు. రసీదు అడిగినవాళ్లు లేరు. అడగడం మర్యాద కాదనుకుంటారు.

నిన్న లక్ష్మీదేవమ్మ నేసిన పెళ్లిచీర అలాగే వెళ్లింది. బెంగళూరులో పెళ్లివారు మూట విప్పితే లోపల మిషను మీద నేసిన నాసిరకం చీర ఉంది. సాయంత్రం బస్సుకే తిప్పి పంపారు.

"చీరన్నా తే, లేదంటే బస్సు తాళాలు ఇచ్చి పో, పోలీసులకు చెప్తా అన్నాడు తల్లీ మా ఓనరు. ఈ సాయంత్రం దాకా గడువు," అన్నాడు గంగన్న. "పని పోతే పోనీ. యాడన్నా ట్రాక్టరు తోలుకుంటా. కానీ గంగన్న చేతికిస్తే చీర మారిపోయిందంట అనే మాట ధర్మవరంలో తిరగకూడదు. అదొక్కటి కాపాడండి."

తనూజ మూట విప్పింది. తెల్లబట్ట మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మరక ఉంది. అది బట్టలో నుంచి చీరకు కూడా దిగి, మడత మడతకూ చిన్నదవుతూ పోయింది. కొంగు లోపలి మూలన, మడత విప్పితే తప్ప కనబడని చోట, చిన్న పసుపు కుంకుమ బొట్టు ఉంది.

"ఈ బొట్టేంది గంగన్నా?"

"నాకేం తెలుసు మేడమ్? ఎప్పుడన్నా మూట విప్పి చూసినానా! పెళ్లివాళ్లు పెట్టింటారేమో."

ఫోన్ చేసి అడిగితే పెళ్లివాళ్లు తాము పెట్టలేదన్నారు.

పెనుకొండ షెడ్డులో బస్సు కదలకుండా నిలబడి ఉంది. గంగన్న సీట్లో కూర్చోనని వేరే డ్రైవరు చెప్పేశాడట. కండక్టరు శ్రీకాంత్ ఆ సంగతి చెబుతుంటే అతని గొంతులో గర్వం దాగలేదు. మూట ఎక్కడ పెట్టారో చూపించాడు. ఇంజను పక్కన, గంగన్న ఎడమకాలి దగ్గర. ఆ చోటు ఇంకా చెమ్మగా ఉంది.

"ఈ తడి?"

"ఇంకేముండాది, కృష్ణమ్మ చామంతి గంపలు మేడమ్. పెనుకొండలో ఎక్కిస్తుంది. వాడిపోకుండా తడి గోనెపట్ట కప్పుతుంది. చెప్పినా వినదు."

కృష్ణమ్మ అక్కడే ఉంది. నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏమబ్బా శ్రీకాంతూ, నా గంప మీదికి తోస్తాండావా? పట్టుచీర కట్టుకుని నేను యాడికి పోవాల, చామంతి తోటకా?"

ప్రవీణ్ నవ్వాపుకున్నాడు. తనూజ మాత్రం ఆ చెమ్మను వేలితో తాకి చూసింది. వేలికి గోధుమరంగు అంటింది.

ధర్మవరంలో లక్ష్మీదేవమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. తిరిగొచ్చిన చీరను రెండు వేళ్లతో నలిపి, పక్కన పెట్టేసింది. "ఇది మగ్గం మీద పుట్టిన బిడ్డ కాదు."

"నీ చీరకేమైనా గుర్తు ఉంటుందా అవ్వా?"

"గుర్తెందుకు, నేసిందాన్ని నాకు తెలీదా? బొట్టు మాత్రం పెడతాం. మగ్గం దిగిన చీరకు కొంగు లోపలి మూలన, ఎవురికీ కనపడకుండా. ఆడబిడ్డను బొట్టు పెట్టకుండా అత్తగారింటికి పంపుతామా? మా ఇంట్లో చిన్నప్పటినుంచీ చెయ్యి దానికి అలవాటు పడిపోతాది."

ఆమె మేనల్లుడు మంజునాథ్ గుమ్మంలోకి వచ్చాడు. నిన్న తెల్లారి మూటను బస్సు దాకా తీసుకుపోయింది అతనే. "నేనే గంగన్న చేతికిచ్చినా మేడమ్. తర్వాత ఏమైందో ఆయప్పనే అడగండి. అత్తా, నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు."

వీధిలో అతని కొత్త వ్యాను నిలబడి ఉంది. పక్కన పెద్ద అక్షరాలతో ధర్మవరం నుంచి బెంగళూరుకు సరుకు రవాణా అని రాయించాడు. వెనకభాగం ఖాళీగా ఉంది.

దీపాలు పెట్టే వేళకు అందరూ నిలబడిపోయిన బస్సులోకి ఎక్కారు. సురేంద్ర ముందు సీట్లో కూర్చుని తాళాల కోసం చూస్తున్నాడు. అతని వెనక సీట్లో లక్ష్మీదేవమ్మ కూర్చుంది. తనూజ ప్రవీణ్ కొనుక్కొచ్చిన చీరను ఇంజను మూత మీద పరిచింది.

"బెంగళూరుకు పంపే మూట ఎట్లా కట్టాలో నాకు చేతకాదు. ఒక్కొక్కరే మడిచి, కట్టి చూపించండి."

"ఇదేం పరీక్ష మేడమ్?" అన్నాడు సురేంద్ర.

"మీకూ అవ్వకూ లేదులెండి."

శ్రీకాంత్ దుప్పటి మడిచినట్టు మడిచాడు. కృష్ణమ్మ పూలపొట్లంలాగా కట్టింది. గంగన్న కట్టిన ముడి జారిపోయింది. చివరికి మంజునాథ్ వచ్చాడు. అతని వేళ్లలో పనితనం ఉంది. మడతలు ఒక్క ఊపులో కూర్చాడు. కొంగు మడత వేయబోతూ, చెయ్యి దానంతటదే పైకి పోయింది. స్టీరింగు పక్కన దేవుడి పటం కింద ఉన్న కుంకుమను ఉంగరం వేలితో తీసి, కొంగు లోపలి మూలన అద్దాడు.

తన వేలి మీది ఎరుపును చూసుకున్న మంజునాథ్ ముఖం పాలిపోయింది.

తనూజ నెమ్మదిగా చెప్పింది. "నిన్నటి మూట పెనుకొండలో గోనెపట్ట నీళ్లకు తడిసింది. ఆ మరక తెల్లబట్టలో నుంచి లోపలి చీరకు దిగింది. అంటే పెనుకొండకు వచ్చేసరికే నాసిరకం చీర మూటలో ఉంది. ఆ తర్వాత పెళ్లివారి చేతికి చేరేదాకా మూటను విప్పినవాళ్లు లేరు. హిందూపురంలో, బెంగళూరులో ఏదో జరిగిందన్న అనుమానం అక్కడితో పోయింది."

"ధర్మవరం, పెనుకొండ మధ్యలో ఎవరైనా మూటకు మూట మార్చి ఉండొచ్చు కదా?" అన్నాడు సురేంద్ర.

"మార్చొచ్చు. కానీ మగ్గం చీర లోపల బొట్టు పెడతారని బయటివాళ్లకు తెలియదు. మోసం చేసేవాడు మిషను చీరకు బొట్టు ఎందుకు పెడతాడు? ఆ బొట్టు ఆలోచించి పెట్టింది కాదు, నేత ఇంట్లో పెరిగిన చెయ్యి పెట్టింది. లక్ష్మీదేవమ్మ తన పేరు తానే చెడగొట్టుకోదు. ఆ ఇంటికీ బస్సుకూ మధ్య మూటను మోసిన చెయ్యి ఇంకొక్కటే."

మంజునాథ్ సీట్లో కూలబడ్డాడు. "అమ్ముకోవాలని కాదత్తా. చీర బీరువాలో భద్రంగా ఉండాది. వ్యాను కొన్నా, ఒక్కరన్నా మూట ఇయ్యరు. అందురూ గంగన్న, గంగన్న అంటారు. ఆయప్ప పేరు ఒక్కసారి పోతే నా బండి ఎక్కుతారు అనుకున్యా."

లక్ష్మీదేవమ్మ అతన్ని తేరిపార చూసింది. "దొంగపని చేసేటప్పుడు కూడా బొట్టు పెట్టినావే. నేను నేర్పినదాంట్లో అదొక్కటే మిగిలిందేమిరా నీకు?"

అతను శ్రీకాంత్‌ను వెంటబెట్టుకుని ధర్మవరం వెళ్లి చీర తెచ్చిచ్చాడు. పెళ్లివారి ముందు కూడా తన తప్పు తానే చెప్పుకోవాలని లక్ష్మీదేవమ్మ తీర్పు చెప్పింది.

మర్నాడు తెల్లవారుజామున ధర్మవరంలో బస్సు దగ్గర జనం మామూలు కంటే ఎక్కువగా ఉన్నారు. సురేంద్ర తానే వచ్చి గంగన్నకు క్షమాపణ చెప్పి, ఇకనుంచి మూటలకు రసీదులు ఇద్దామా అని అడిగాడు. లక్ష్మీదేవమ్మ వినిపించుకోలేదు. పెళ్లిచీర మూటను రెండు చేతులతో గంగన్నకు అందించింది.

"పెళ్లికూతురి తల్లి వస్తాది. ఆయమ్మకియ్యి నాయనా," అంది, ఎప్పుడూ చెప్పినట్టే.

గంగన్న మూట అందుకున్నాడు. వెనక నిలబడ్డ నేతగాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, తమ మూటలు కూడా అతని చేతిలో పెట్టారు. పట్టుకోలేక శ్రీకాంత్‌ను సాయం పిలిచాడు. ప్రవీణ్ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. తనూజ చూడనట్టే ఊరుకుంది.

ఆ దారిలో మీరెప్పుడైనా బెంగళూరుకు పోతే, ముందు సీట్లో కూర్చుని నిద్రపోండి, ఫోన్ చూసుకోండి, మీ ఇష్టం. కానీ దిగేముందు ఒక్కసారి స్టీరింగు వైపు చూడండి. ఊరి ఆడబిడ్డల పెళ్లిచీరలన్నీ కాలి దగ్గర పెట్టుకుని, ఒక్కటైనా విప్పి చూడకుండా చేరవేసే గంగన్నను దయచేసి గుర్తుపెట్టుకోండి.