పై ఇంటి నీళ్ళు

శనివారం పొద్దున్నే ప్రిస్సిల్లా పెరట్లో మిగిలిన కాస్త మట్టిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కాంక్రీటు లారీ వచ్చినా సరే, లేచేది లేదని ముందే నిశ్చయించుకుంది.

అత్తగారు మణి ఎప్పటిలాగే హోస్ పట్టుకుని, పోయినేడాది సగం పెరట్లో పోయించిన గచ్చు కడుగుతోంది. ఆవిడకి మట్టి అంటే గిట్టదు. భీమవరంలో వాకిలంతా గచ్చు చేయించి అద్దంలా ఉంచిన మనిషి. వర్జీనియా వచ్చినా ఆ చేతులు ఊరుకోలేదు. మిగతా సగం కూడా పోయిస్తే, ఇంట్లో ప్రార్థన కూడికకి వచ్చేవాళ్ళ కాళ్ళకి మట్టి అంటదట.

ప్రిస్సిల్లా భర్త వినయ్ కుమార్ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు.

"లే ప్రిస్సీ, కాంట్రాక్టర్ ఆన్ ద వే. గోంగూర పెంచకపోతేనేం, షాంటిలీలో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కొనుక్కుందాం."

"గోంగూర కోసం కూర్చోలేదండీ. స్టార్మ్‌వాటర్ ఫీజు పెరిగిందని టౌన్ వాళ్ళని తిట్టారు కదా, ఎందుకు పెరిగిందో చూశారా?"

"చూసేదేముంది? వానకి కూడా ఫీజు వేస్తున్నారు."

"వానకి కాదు. మన రూఫ్ మీద, డ్రైవ్‌వే మీద, ఈ గచ్చు మీద పడి భూమిలోకి ఇంకని నీళ్ళకి. వాటిని మోసే పైపులూ కాలవలూ వాళ్ళే బాగుచేయాలి. గచ్చు పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. మన చర్చి కూడా ఈ ఫీజు కడుతోంది. ఈ మట్టిలో వాన నీళ్ళు ఇంకేలా మొక్కలతో రెయిన్ గార్డెన్ వేస్తే ఫీజు కొంత తగ్గిస్తారట."

"కట్టేది నేనే కదా, కడతాను. అమ్మ ముచ్చటపడింది. నలుగురిలో నవ్వులపాలు చేయకు."

ప్రిస్సిల్లాకి ఒళ్ళు మండింది. ఈ ఇంటి లోన్‌లో సగం తన జీతమే. అడక్కుండా సగం పెరడు మూసేస్తే పోనీలే అనుకుంది. ఇక అనుకోదు.

"ఇల్లు నాది కూడా. నేను లేవను. కావాలంటే నా కాళ్ళ మీద పోయించండి."

మణి హోస్ కట్టేసింది. "ఏం మాటలమ్మా అవి? ఎందుకంత పంతం?"

"ఒక్కసారి కంచె దగ్గరికి వెళ్ళి చూడండి అత్తయ్యా."

మణి వెళ్ళి చూసింది. తను ఇప్పుడే కడిగిన నీళ్ళు కంచె కిందనుంచి జారి, పక్కింటి బేస్‌మెంట్ కిటికీ దగ్గర మడుగు కట్టాయి. కిటికీ సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి.

"నిన్న పక్కింటి డోరతీ నన్ను పిలిచి చూపించింది. వాన పడితే లోపలికే వస్తున్నాయట. ముసలావిడ, ఒక్క మాట గట్టిగా అనలేదు. భీమవరంలో మెరక మీదున్న పై ఇంటివాళ్ళ నీళ్ళు మీ వాకిట్లోకొస్తే మీరేం చేశారో నాకు మీరే చెప్పారు."

మణి ఏళ్ళ తరబడి వాళ్ళతో పోట్లాడింది. చర్చిలో ఎదురుపడినా వందనాలు చెప్పలేదు. ఆ గొడవ తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడ గొంతు లేస్తుంది. ఈ పొద్దు మాత్రం లేవలేదు.

"ఇక్కడ పై ఇల్లు మనదన్నమాట," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వీధిలో లారీ ఆగింది. వినయ్ తల్లి వైపు చూశాడు. మణి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఏనాడూ అడుగుపెట్టని ఆ మట్టిలోకి నడిచొచ్చి కోడలి పక్కన నిలబడింది.

"ఇంకో కుర్చీ తేరా. ఆ లారీ అబ్బాయికి కాఫీ ఇచ్చి, పాత గచ్చు పగలగొట్టడానికి ఎప్పుడొస్తాడో కనుక్కో. అప్పటిదాకా మేమిద్దరం ఇక్కడే కూర్చుంటాం."